సి డ్రైవ్, డి డ్రైవ్ అలవాటైపోయింది, లినక్స్‌కి డిస్క్ ఎట్లా ముక్కలు చేయాలి?

సిక్యాంప్_జిరాక్స్ (కర్నూలు)

అన్నలకు, సార్లకు నమస్తే. కర్నూలు సి.క్యాంప్ దగ్గర నాకు చిన్న జిరాక్స్, డీటీపీ అంగడి ఉంది. రైతులకు అడంగల్, 1బి ప్రింట్లు, డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు, కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, మాఘం శ్రావణం వస్తే పెళ్లి కార్డులు, ఇదీ నా పని. సిస్టమ్ పాతది. నాలుగో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 7తో వచ్చింది, తర్వాత దాని మీదే 10 ఎక్కించాం. ఇప్పుడు 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేశారు, 11 ఎక్కిద్దామంటే ఈ ప్రాసెసర్‌కి కుదరదంటుంది. రోజూ ముప్పై నలభై మంది పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గుచ్చుతారు, ఒక్కోదాంట్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయి ఉంటాయి, ఆ వైరస్ నా డి డ్రైవ్‌కి అంటుకుని రెండుసార్లు ఏడిపించింది. అందుకే రోజువారీ పనికి లినక్స్ పెట్టుకుందామని. విండోస్ పూర్తిగా తీసేయలేను, పాత పెళ్లి కార్డుల మ్యాటర్ మొత్తం విండోస్‌లో నడిచే అను ఫాంట్లలో ఉంది.

స్నేహితుడు డెబియన్ 13 (లినక్స్‌లో ఒక రకం) పెన్‌డ్రైవ్ చేసిచ్చాడు. ముందుగా విండోస్‌లోనే డి డ్రైవ్‌ని కుదించి 300 జీబీ ఖాళీ చేశా. ఇన్‌స్టాలర్ డిస్క్ పేజీ దాకా వచ్చింది, తీరా చూస్తే ఆ 300 జీబీ పక్కన 'వాడటానికి వీల్లేదు' అని చూపిస్తోంది. ఖాళీ జాగా కళ్ల ముందు ఉంది, వాడుకోవడానికి లేదట! భయమేసి స్విచ్ ఆపేశా. మర్నాడు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొన్నా, విండోస్‌ని దాంట్లోకి మార్చి లినక్స్‌ని పాత డిస్క్‌లో పెడదామని ప్లాన్.

అడగాల్సింది ఏంటంటే, ఎన్ని ముక్కలు చేయాలి? ఒక వీడియోలో రూట్ ఒక్కటే చాలన్నాడు, ఇంకో వీడియోలో /హోమ్, /వార్, /టెంప్, /బూట్ అన్నీ వేరే అన్నాడు, స్వాప్ ర్యామ్‌కి రెండింతలు ఉండాలని మా తమ్ముడు అంటాడు. నాకు తెలిసింది సి, డి, ఈ అంతే. ఇంకోటి, 240 అని కొంటే 223 చూపిస్తోంది, అంగడివాడు నన్ను ముంచినాడా?

ఒకటే_చాలు

ముంచలేదు. తయారీదారు వెయ్యితో లెక్క కడతాడు, సిస్టమ్ 1024తో లెక్క కడుతుంది, 240 కాస్తా 223 అవుతుంది. నీ 1 టీబీ కూడా 931 అనే చూపిస్తుంది చూడు.

ఇక ముక్కలు. రూట్ అంటే సిస్టమ్ ఉండే అసలు ముక్క, /హోమ్ అంటే నీ సొంత ఫైళ్లు, /వార్ అంటే లాగ్‌లు, డేటాబేస్‌ల్లాంటి పెరిగే ఫైళ్లు, /టెంప్ అంటే తాత్కాలిక ఫైళ్లు, /బూట్ అంటే సిస్టమ్ లేవడానికి కావాల్సినవి, స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు. అంగడిలో నువ్వొక్కడివే కూర్చుంటావు, సర్వర్ నడపట్లేదు. ఎస్‌ఎస్‌డీ మొత్తం లినక్స్‌కి ఇచ్చేయ్, ఇన్‌స్టాలర్‌లో అన్నీ ఒకే పార్టీషన్‌లో అనే ఆప్షన్ ఉంటుంది, కొత్తవాళ్లకు అదే మంచిదని అక్కడే రాసి ఉంటుంది కూడా. అది నొక్కి టీ తాగిరా. విండోస్‌ని ఎస్‌ఎస్‌డీలోకి మార్చే తలనొప్పి ఎందుకు, వారానికి ఒకసారి కార్డు మ్యాటర్ తెరవడానికేనా? రోజంతా దేంతో పని చేస్తావో దానికి వేగమైన డిస్క్ ఇవ్వాలి.

పాత_ల్యాబ్_సార్ (అనంతపురం)

తమ్ముడూ, పైనాయన చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మొదటి మాటతో మాత్రం నాకు కొంచెం పేచీ ఉంది.

ముందు నీ 300 జీబీ సంగతి. నీ పాత డిస్క్‌లో ముక్కల లెక్క రాసుకునే పట్టిక ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది. ఆ పట్టికలో నాలుగంటే నాలుగే ప్రైమరీ గడులు. నాకు తెలిసి నీకు సిస్టమ్ రిజర్వ్‌డ్ ఒకటి, సి ఒకటి, 10 ఎక్కించినప్పుడు అది తనంతట తాను పెట్టుకున్న రికవరీ ముక్క ఒకటి, డి ఒకటి ఉంటాయి. గడులు నిండిపోయాయి. నేల ఉంది, పాసు పుస్తకంలో రాయడానికి గీత లేదు. నాలుగో గడిని ఎక్స్‌టెండెడ్‌గా చేసి ఉంటే దాని లోపల ఎన్నయినా చేసుకునేవాడివి, ఇప్పుడు డి మీద డేటా పెట్టుకుని ఆ మార్పిడికి దిగొద్దు. జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఈ బాధ లేదు, మామూలుగా 128 గడులు ఇస్తారు. 2 టీబీ దాటిన డిస్క్‌ని ఎంబీఆర్ పూర్తిగా వాడుకోలేదు కూడా, నీకు ఆ అవసరం లేదనుకో. ఆ 300 జీబీని విండోస్‌లోనే మళ్లీ డి కి కలిపేసెయ్, పక్కనే ఉంది కాబట్టి రెండు క్లిక్కుల పని.

ఇక ఎందుకు ముక్కలు చేస్తారన్నది. నేను ఇక్కడ ఒక కాలేజీ ల్యాబ్‌ని ఇరవై ఏళ్లు చూసుకున్నా. మొదట్లో పుస్తకంలో చెప్పినట్టు ఏడు ముక్కలు చేసేవాడిని, ఎందుకని అడిగితే చెప్పేవాడు లేడు. అసలు ప్రోగ్రాములుండే ఫోల్డర్‌కి ఈ /యూఎస్ఆర్ అనే పేరే చూడు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వాళ్లు పీడీపీ-11 కంప్యూటర్ మీద, లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ రాస్తున్నప్పుడు యూజర్ల ఫోల్డర్లు ఉండే రెండో డిస్క్ అది, మొదటి డిస్క్ నిండిపోయి ప్రోగ్రాములు దాంట్లోకి పొర్లాయి. ఇంట్లో గింజలు పట్టక పక్కింటి గాదెలో పోసినట్టు. ఆ తాత్కాలిక సర్దుబాటుని మనం యాభై ఏళ్లు శాస్త్రంలాగా పాటించాం. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ప్రోగ్రాముల ఫోల్డర్లు /బిన్, /యూఎస్ఆర్/బిన్ రెండూ ఒకటే ఉండాలని తేల్చేశారు. కాబట్టి /యూఎస్ఆర్ వేరే పెట్టమని ఎవరైనా అంటే విను, చేయకు.

తర్వాత విసుగు పుట్టి ల్యాబ్ మొత్తానికి ఒకే రూట్ పెట్టా. ఒక సోమవారం పొద్దున తలుపు తీస్తే సగం సిస్టమ్‌లలో లాగిన్ అవ్వడం లేదు. పాస్‌వర్డ్ కొడతాం, ఒక క్షణం నల్లగా అవుతుంది, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. తప్పు కొట్టారేమోనని పిల్లల మీద కేకలు వేశా. చూస్తే శనివారం సాయంత్రం ఎవరో ఇంటర్నెట్ ఖాళీగా ఉందని సినిమాలు దించుకున్నారు, డిస్క్ నిండింది, లాగిన్ అయ్యేటప్పుడు రాసుకోవాల్సిన చిన్న ఫైలుకి కూడా చోటు లేదు. నన్ను కాపాడింది ఏంటంటే ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్‌సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి) మామూలుగా 5 శాతం చోటుని రూట్ యూజర్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కోసం దాచి ఉంచుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల స్క్రీన్‌లోకి వెళ్లి రూట్‌గా లాగిన్ అయ్యి తుడిచా. ఆ రోజు నుంచి /హోమ్ వేరే. పిల్లలు వాళ్ల గదిని ఎంత నింపుకున్నా సిస్టమ్ బతికి ఉంటుంది. పైగా కొత్త వెర్షన్ మొదటి నుంచి ఎక్కించాలంటే రూట్ ఒక్కటి ఫార్మాట్ కొడితే చాలు, /హోమ్ అలాగే ఉంటుంది.

ఇంకోటి, డీఎఫ్ (ఖాళీ చూపే కమాండ్) కొడితే 40 శాతం ఖాళీ ఉందంటుంది, ఫైలు రాయబోతే చోటు లేదంటుంది. అప్పుడు డీఎఫ్ మైనస్ ఐ కొట్టు. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే ఎన్ని ఫైళ్లు పెట్టొచ్చో లెక్క కట్టేస్తుంది, మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ (ఒక్కో ఫైలుకి ఒక్కో నమోదు) చొప్పున. 20 జీబీ ముక్కలో 13 లక్షల చిల్లర. మా ల్యాబ్ వెబ్‌సైట్ సెషన్ ఫైళ్లు, ఒక్కోటి అరచేతిలో ఆవగింజంత, అవే ఆ లెక్కని మింగేశాయి. నీకు ఇది రాదు, కానీ ఎప్పుడైనా ఆ మెసేజ్ చూస్తే గుర్తుంటుందని చెప్తున్నా.

పొద్దుటూరు_నోడ్

సార్ చెప్పింది విన్నాక నా కథ కూడా వినండి, ఇది దానికి తిరగేసింది. మాది ప్రొద్దుటూరు, బట్టలంగళ్లకీ బంగారు అంగళ్లకీ బిల్లింగ్ సర్వర్లు చూస్తుంటా. ఒక అంగట్లో నాకంటే ముందు పెట్టినాయన శ్రద్ధగా /వార్ వేరే చేశాడు, 10 జీబీ. /హోమ్‌కి 400 జీబీ ఇచ్చాడు, దాంట్లో ఒక్క యూజర్, ఒక వాల్‌పేపర్. డేటాబేస్ ఉండేదేమో /వార్ కింద. అక్షయ తృతీయ రోజు పదకొండు గంటలకు ఫోన్. బిల్లు రావట్లేదు. నేను వెళ్లేసరికి కౌంటర్ ముందు జనం, చేతిలో గొలుసు పట్టుకున్న ఆమె నన్ను దొంగని చూసినట్టు చూస్తోంది, ఓనర్ గారి అబ్బాయి కాగితం మీద బిల్లు రాస్తున్నాడు. /వార్ నూటికి నూరు శాతం నిండింది. పక్కనే 400 జీబీ ఖాళీ, గోడకి ఆవల.

కంగారులో ఒక 6 జీబీ లాగ్ ఫైలు ఆర్ఎం (తుడిచే కమాండ్) కొట్టేశా. డీఎఫ్ చూస్తే ఇంకా నూరు శాతమే! ఫైలు పేరు పోయింది కానీ దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాం బతికే ఉంది, అది వదిలేదాకా చోటు తిరిగి రాదు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు తెరిచిందో చూపే ఎల్ఎస్ఓఎఫ్‌తో చూసి ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే గానీ బిల్లు ప్రింటర్ కదల్లేదు. ఆ ఇరవై నిమిషాల్లో నాకు పట్టిన చెమట కడప ఎండలో మేలో కూడా పట్టలేదు.

అందుకని నా మాట. ఏది ఎంత నిండుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. గట్టు వేయడం అరగంట పని, వేసిన గట్టు జరపడమే పెద్ద పంచాయితీ. ఎల్‌వీఎం పెట్టుకో. డిస్క్ అంతా ఒక కుప్ప, దాంట్లోంచి రూట్‌కి 40, /హోమ్‌కి 60 అని కొంచెం కొంచెమే కోసి ఇవ్వు, మిగతాది కుప్పలోనే వదిలేయ్. ఎవరికి తక్కువైతే వాళ్లకి అప్పుడు పోయొచ్చు, సిస్టమ్ నడుస్తుండగానే. ఈఎక్స్‌టీ4 పెంచడం నడుస్తుండగా అవుతుంది, తగ్గించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి, అంటే సిస్టమ్ నుంచి విడదీయాలి. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ పెట్టావో, పెంచడమే గానీ తగ్గించడం లేదు, అది గుర్తుపెట్టుకో. జనం చేసే తప్పు ఏంటంటే మొదటిరోజే ఉన్నదంతా పంచేస్తారు.

ఒకటే_చాలు

జిరాక్స్ అంగడికి ఎల్‌వీఎం ఎందుకప్పా? రేపు సిస్టమ్ లేవకపోతే ఆయన దాన్ని పక్క వీధి రిపేరు కుర్రాడికి ఇస్తాడు, ఆ కుర్రాడు డిస్క్ తీసి ఇంకోదానికి తగిలించి చూస్తే ఫైళ్లకు బదులు ఎల్‌వీఎం అని ఒక ముద్ద కనిపిస్తుంది, డిస్క్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి అంటాడు. నేను కళ్లారా చూశా.

పొద్దుటూరు_నోడ్

దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కడప_పఫర్

లినక్స్ వాళ్లు ఎన్ని ముక్కలా అని కొట్టుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించండి ఒకసారి, పెద్ద డిస్క్ చూస్తే దానంతట అదే రూట్, స్వాప్, /టెంప్, /వార్, /యూఎస్ఆర్, దాని కింద లోకల్, సోర్స్, ఇంకా /హోమ్ అని వరసగా కోసేస్తుంది. అది చోటు కోసం కాదు, సెక్యూరిటీ కోసం. /హోమ్ మీద, /టెంప్ మీద నోసూయిడ్, నోడెవ్ అని పెడుతుంది, అంటే అక్కడ ఎవడైనా దొంగ ప్రోగ్రాం తెచ్చి పెట్టినా దానికి రూట్ అధికారం అంటదు. ఈ ఆప్షన్లు ముక్కకి ఇంత అని ఇచ్చేవి, అందుకే ముక్కలు. దాంట్లో ముక్కలకి పెట్టే అక్షరాలు చూసి తికమక పడొద్దు, ఎ అంటే రూట్, బి అంటే స్వాప్, సి అంటే మొత్తం డిస్క్. మన సి డ్రైవ్ అనుకుని సి ని తీసేద్దామనుకున్న మహానుభావుడు మా రూమ్మేటే.

జిరాక్స్ అన్నా, నీకు ఇది వద్దులే, ప్రింటర్ల దగ్గర ఇబ్బంది పడతావు. కానీ పెన్‌డ్రైవ్‌లు గుచ్చే అంగడి కాబట్టి ఆ నోసూయిడ్ సంగతి చెవిలో వేస్తున్నా. పెన్‌డ్రైవ్‌లకు డెస్క్‌టాప్ మామూలుగా ఆ ఆప్షన్లతోనే మౌంట్ చేస్తుంది.

సిక్యాంప్_జిరాక్స్ (కర్నూలు)

అందరికీ దండాలు. సార్ చెప్పింది అక్షరాలా నిజం. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్క్ ముక్కలు చూపే కమాండ్) కొట్టా, పాత డిస్క్ ఎస్‌డీఏ కింద నాలుగు ముక్కలు, 100 ఎంబీది ఒకటి, సి, 450 ఎంబీ రికవరీ, డి. చేత్తో పట్టుకున్నట్టు చెప్పారు సార్.

ఎస్‌ఎస్‌డీ మొత్తం లినక్స్‌కే ఇస్తా. /హోమ్ వేరే పెడతా. ఎల్‌వీఎం వద్దు, నిజంగానే మా వీధిలో రిపేరు కుర్రాడు ఒకడున్నాడు. అయితే ఎవరికి ఎంత? స్వాప్ ఎంత? యూఈఎఫ్‌ఐనా, పాత బయోసా అని కూడా ఎవరో అడిగారు, నాకు ఎట్లా తెలుస్తుంది?

పాత_ల్యాబ్_సార్ (అనంతపురం)

ఆ రెండూ ఆన్ చేయగానే కంప్యూటర్‌ని లేపే పద్ధతులు, యూఈఎఫ్‌ఐ కొత్తది, బయోస్ పాతది. లైవ్‌లో /సిస్/ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందేమో చూడు. ఉంటే యూఈఎఫ్‌ఐగా లేచింది, లేకపోతే పాత పద్ధతి. నీ విండోస్ ఎంబీఆర్ డిస్క్ మీద ఉంది కాబట్టి అది పాత పద్ధతిలోనే లేస్తుంది, లినక్స్ కూడా అట్లాగే పెట్టు. ఒకటి అటు, ఒకటి ఇటు పెడితే యూఈఎఫ్‌ఐలో పెట్టిన గ్రబ్ (లినక్స్‌ని లేపే ప్రోగ్రాం) ఆ విండోస్‌ని లేపలేదు, రోజూ బయోస్‌లోకి పోయి మార్చుకోవాలి. 240 జీబీకి ఎంబీఆర్ చాలు. పాత బయోస్ మీద జీపీటీయే కావాలంటే బయోస్ బూట్ అని 1 ఎంబీ ముక్క ఒకటి అదనంగా చేయాలి, లేకపోతే గ్రబ్ కూర్చోదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్క్ సాటా కేబుల్ పీకేసెయ్. ఎంత అనుభవం ఉన్నా సరే, నేను ఇప్పటికీ పీకేస్తా. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు ఈరోజు ఒకటి రేపు ఒకటి అవ్వొచ్చు, కేబుల్ లేని డిస్క్‌ని మాత్రం ఎవడూ ఫార్మాట్ కొట్టలేడు. గ్రబ్ ఎస్‌ఎస్‌డీ మీదే కూర్చుంటుంది, విండోస్ దాని దారిన అది ఉంటుంది, కావాల్సినప్పుడు బూట్ మెనూలో డిస్క్ ఎంచుకో.

లెక్క ఇది. రూట్‌కి 60 జీబీ. 20 చాలని పాత వ్యాసాల్లో ఉంటుంది, నమ్మకు, ఫ్లాట్‌ప్యాక్ అనే యాప్‌ల పద్ధతిలో నాలుగు యాప్‌లు వేస్తే అవన్నీ /వార్/లిబ్ కిందకి చేరతాయి, నువ్వు ప్రింట్ కొట్టే ఫైళ్లు కూడా కొంతకాలం /వార్/స్పూల్‌లో ఉంటాయి. /హోమ్‌కి 100. మిగిలిన అరవై చిల్లర ఖాళీగా వదిలెయ్. ఇప్పుడు అసలు కిటుకు, ఆ ఖాళీని చివర్లో వదలకు. రూట్, దాని పక్కన ఖాళీ, ఆ తర్వాత /హోమ్. ముక్కని కుడివైపు ఖాళీలోకి సాగదీయడం నిమిషం పని, ఎడమవైపు సాగదీయాలంటే లోపలి డేటా మొత్తం జరగాలి, మధ్యలో కరెంట్ పోతే ఇక నీ రాత. /హోమ్ నిండితే ఫైళ్లు డి లోకి తోసుకోవచ్చు, రూట్ నిండితే తోసుకునే చోటు లేదు. అందుకే ఖాళీ రూట్ పక్కన.

స్వాప్‌కి ముక్కే అక్కర్లేదు, రూట్‌లో 4 జీబీ ఫైలు ఒకటి చేసుకో, తక్కువైతే పెద్దది చేసుకోవచ్చు. ర్యామ్‌కి రెండింతలు అన్నది ర్యామ్ ఎంబీల్లో ఉన్న కాలం మాట. హైబర్నేట్ (ర్యామ్‌లోదంతా డిస్క్‌లో దాచి ఆపడం) చేయాలంటే మాత్రం దాదాపు ర్యామ్ అంత కావాలి, నువ్వు రాత్రికి షట్‌డౌన్ చేసి షట్టర్ వేసే మనిషివి, నీకెందుకు.

డి ని విండోస్ ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌గానే ఉంచు, రెండు వైపులా చదవాలి కదా. లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) 5.15 నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ రాసే డ్రైవర్ దాంట్లోనే ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తప్పకుండా ఆపెయ్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ నిజంగా నిద్రపోదు, ఒక కన్ను తెరిచి పడుకుంటుంది, అప్పుడు లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికే ఇస్తుంది, రాయనివ్వదు.

పార్టీషన్ వేరే చేసినంత మాత్రాన డేటాకి భద్రత వచ్చిందనుకోకు, నీ డి పదేళ్లు దాటిన డిస్క్ మీద ఉంది, అది ఆగితే అన్ని ముక్కలూ ఒకేసారి ఆగుతాయి. బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని పెళ్లి కార్డుల ఫోల్డర్ దాంట్లోకి ముందు కాపీ చేసుకో, ఇవన్నీ తర్వాత.

సిక్యాంప్_జిరాక్స్ (కర్నూలు)

పది రోజుల తర్వాత వస్తున్నా. ఎక్కించేశా. రూట్ 60, ఖాళీ 60 చిల్లర, /హోమ్ 100, సార్ చెప్పినట్టే. ముందు పెళ్లి కార్డుల ఫోల్డర్ బయటి డిస్క్‌లోకి కాపీ చేశా, అందుకే ఒక పూట అంగడి మూయాల్సి వచ్చింది.

రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది, డి డ్రైవ్‌ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (లేచేటప్పుడు తగిలించాల్సిన డిస్క్‌ల జాబితా ఫైలు) రాశా, బాగానే ఉంది. మూడో రోజు పొద్దున ఆన్ చేస్తే నిమిషంన్నర అలాగే నిలబడి, ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల స్క్రీన్‌లో ఇంగ్లీషు. బయట ఒకాయన 1బి కోసం నిలబడి ఉన్నాడు. గుండె జారిపోయింది, కొత్త ఎస్‌ఎస్‌డీ పోయిందనుకున్నా. తీరా చూస్తే పీకి మళ్లీ పెట్టిన సాటా కేబుల్ సరిగ్గా కూర్చోలేదు, డి కనిపించట్లేదు, డి లేదని మొత్తం లినక్స్ అలిగి కూర్చుంది. ఇంత చిన్నదానికి మొత్తం ఆగడమేంటి?

రెండోది ఇంకా అర్థం కాలేదు. ఒక లాయరు గారు పాత దస్తావేజుల కట్ట తెచ్చారు, కలర్‌లో 600 డీపీఐతో స్కాన్ చేయమన్నారు. ముప్పై తొమ్మిదో పేజీ దగ్గర డిస్క్‌లో చోటు లేదు అని ఆగిపోయింది. డీఎఫ్ కొడితే రూట్‌లో 45 జీబీ ఖాళీ, /హోమ్‌లో 90 ఖాళీ. సార్ చెప్పిన మైనస్ ఐ కూడా కొట్టా, దాంట్లోనూ 5 శాతం కూడా నిండలేదు. ఇదేం మాయ?

పొద్దుటూరు_నోడ్

మొదటిది మాలో ఎవరో ఒకరం చెప్పాల్సింది, తప్పు మాదే. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో డి లైన్‌లో ఆప్షన్ల దగ్గర నోఫెయిల్ అని చేర్చు. అప్పుడు డి ఉంటే సరి, లేకపోతే అది లేకుండానే లేస్తుంది. ఆ నిమిషంన్నర అంటే 90 సెకన్లు, డిస్క్ వస్తుందేమోనని చూసింది. ఎస్‌డీబీ అని రాసి ఉంటే అది తీసేసి బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టి అది చూపే యూయూఐడీ (ఆ ముక్క సొంత గుర్తు) రాయి.

రెండోది నీ పార్టీషన్ల తప్పు కాదు. డీఎఫ్ లిస్టులో ఇంకొంచెం కిందకి చూడు, /టెంప్ అని వేరే లైన్ ఉంటుంది, టెంప్ఎఫ్ఎస్ అని. డెబియన్ 13 నుంచి /టెంప్‌ని మామూలుగా ర్యామ్‌లో పెడుతున్నారు, ర్యామ్‌లో సగం దాకా. నీకు 8 జీబీ అంటే అది 4 లోపు. ఏ4 పేజీ 600 డీపీఐ కలర్ అంటే కుదించకముందు 104 ఎంబీ. లెక్క వేసుకో, నలభై పేజీలు తిరక్కుండానే నిండాలి, ముప్పై తొమ్మిది దగ్గర నిండింది. నీ స్కాన్ ప్రోగ్రాం పేజీలన్నీ /టెంప్‌లో పోగేసి చివర్లో పీడీఎఫ్ కడుతోంది.

సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ టెంప్ డాట్ మౌంట్ అని రూట్‌గా కొట్టి రీస్టార్ట్ చెయ్. /టెంప్ మళ్లీ రూట్ డిస్క్ మీదకి వస్తుంది. /టెంప్‌లో ఏదీ దాచుకోకు, పది రోజులు దాటిన ఫైళ్లను ఈ వెర్షన్ దానంతట అదే ఊడ్చేస్తుంది.

సిక్యాంప్_జిరాక్స్ (కర్నూలు)

అయిందన్నా! రెండూ అయ్యాయి. లాయరు గారి కట్ట 212 పేజీలు ఒకే ఊపులో వచ్చింది, అప్పుడు పక్కనుంచి డీఎఫ్ కొట్టి చూస్తే రూట్‌లో 20 జీబీ పైనే మింగి, పీడీఎఫ్ కట్టాక మళ్లీ వదిలింది. 20 జీబీ రూట్ పెట్టుంటే నా గతి ఏమయ్యేదో.

మా తమ్ముడు మాత్రం ఆ మధ్యలో ఖాళీగా ఉన్న అరవై చూసి ఊరుకోవట్లేదు, వేస్ట్ చేశావు, దాన్ని 'ఈ' అనే డ్రైవ్ చేసి ఆటలు వేస్తా అంటున్నాడు.

పాత_ల్యాబ్_సార్ (అనంతపురం)

అది మళ్లీ పీకేసిన సాటా కేబుల్ లాంటి విషయమే తమ్ముడూ. రూట్ పాస్‌వర్డ్ తమ్ముడికి చెప్పకు.